వేట నిషేధంలో హోప్ ఐలాండ్ దగ్గర గాలం వేస్తే తప్పేంటి?

గోదారి_గాలం | మే 4, ఉదయం 8:10

అందరికీ నమస్తే. మొన్న శనివారం మేం నలుగురం కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ వైపు వెళ్లాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, పోటు నిండే వేళకి దీవి ఉత్తరపు కొస దగ్గరున్నాం. మూడు పండుగప్పలు, రెండు పారలు పడ్డాయి. పెద్ద పండుగప్ప 11 కిలోలు తూగింది. ఫోటో తీసుకుని పండుగప్పలు మూడింటినీ నీళ్లలోకి వదిలేశాం. పారలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. పడవ నడిపిన కుర్రాడికి ఆ నీళ్లు సొంత ఇల్లంత బాగా తెలుసు. ఎక్కడ ఇసుక మేట, ఎక్కడ లోతు అన్నది చీకట్లోనే చెప్పేశాడు.

ఫోటో మా వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకటే తిట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, నీకు తెలీదా అని. తెలుసండీ, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం. నేను అడిగేది ఒక్కటే. నా చేతిలో ఉన్నది ఒక రాడ్, ఒక దారం, ఒక గాలం. ఒకసారికి ఒక్క చేప, దాన్నీ వదిలేస్తాం. ట్రాలర్ అడుగంతా ఊడ్చుకుపోతుంది. దానికీ దీనికీ పోలికేంటి? ఆలోచించి చెప్పండి, తిట్టకండి.

రేవు_బాబాయ్ | 8:32

ఇంజను పడవలో వెళ్లావా బాబూ? అయితే నిషేధమే. మినహాయింపు ఇంజను లేని నాటు పడవలకే.

వైజాగ్_కాస్టర్ | 8:40

11 కిలోలంటే మామూలు విషయం కాదు బ్రదర్. ఏ లూర్ (ఉత్తుత్తి ఎర) వాడారు? దారం ఎన్ని పౌండ్లది?

ఏటిమొగ_కుర్రోడు | 9:15

ఫోటో చూశాను. ఆ చేప ఆడది.

పండుగప్ప మగగానే పెరుగుతుంది. కొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే ఆ సైజు చేపలు దాదాపు అన్నీ ఆడవే. లక్షల గుడ్లు పెట్టే తల్లి అది. ఉప్పు బాగా ఉన్న నీళ్ల కోసం నది మొగల దగ్గరికి గుడ్లు పెట్టడానికే వస్తుంది. పిల్లలు పోటుతో పాటు మడ అడవుల కాలవల్లోకి వెళ్లి అక్కడ పెరుగుతాయి. సరిగ్గా ఆ దారిలో మీరు కాపు కాశారు.

వదిలేశాం అంటున్నారు. ఎంతసేపటికి వదిలారు? పొద్దున్నే పట్టామంటున్నారు గానీ ఫోటోలో మీ నీడ మీ కాళ్ల దగ్గరే ఉంది. మేలో అంత పొట్టి నీడ పదిన్నరకి ముందు రాదు.

గోదారి_గాలం | 9:41

ఆ ఫోటో పెద్ద చేపది కాదండీ, చివర్లో పడినదానిది. పెద్దదాని ఫోటో కింద పెట్టాను చూడండి, వెనక సూర్యుడు ఇంకా ఎర్రగానే ఉన్నాడు. పట్టిన దగ్గర్నుంచి వదిలేదాకా రెండు నిమిషాలు కూడా లేదు. కొక్కేనికి ఎదురుముల్లు లేని గాలం వాడాను, చేతులు తడుపుకునే ముట్టుకున్నాను. తోక పట్టుకుని నీళ్లలో ముందుకీ వెనక్కీ ఆడించాను. రెండుసార్లు మొప్పలు తెరిచింది, చెయ్యి విదిలించి కిందికి పోయింది. ఆ విదిలింపు ఇంకా నా మణికట్టులో ఉంది.

పెద్దవి ఆడవి అన్నారు, ఒప్పుకుంటాను. అందుకేగా వదిలేది? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్లు 120 సెంటీమీటర్లు దాటిన పండుగప్పని ఉంచుకోకూడదని రూలే పెట్టారు. మన రేవుల్లో ఎంత పెద్దదైతే అంత ధర. తల్లి చేపని కాటా మీద పెట్టేది ఎవరు, నేనా?

ఏటిమొగ_కుర్రోడు | 10:05

రెండో ఫోటోలో చేపని దవడకి క్లిప్పు వేసి నిలువునా వేలాడదీశారు. 11 కిలోల బరువు ఆ దవడ మీదే పడింది. ఈదుకుంటూ వెళ్లిపోయింది కాబట్టి బతికింది అనుకుంటున్నారు. మే నెల నీళ్లు వేడిగా ఉంటాయి, వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. గాలానికి చిక్కి పావుగంట పెనుగులాడిన చేప కోలుకోవడం కష్టం. అది సాయంత్రానికి ఎక్కడ తేలిందో మీకు తెలియదు.

క్వీన్స్‌లాండ్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పండి. అక్కడ తూర్పు తీరంలో నవంబరు నుంచి ఫిబ్రవరి ఒకటి దాకా పండుగప్ప గుడ్ల కాలమని పట్టడమే నిషేధం. ఆ నిషేధం వలవాళ్లకీ ఉంది, సరదాకి గాలం వేసేవాళ్లకీ ఉంది. సగం రూలు తెచ్చి మాకు చూపించకండి.

తాళ్లరేవు_97 | 10:11

పాయింట్.

మడచెట్టు | 10:30

చేప బతికిందా లేదా అన్నదాని మీదే మాట్లాడుతున్నారు గానీ, నేను ఇంకో మాట చెప్తాను. నేను తాబేళ్ల కోసం పనిచేసేవాళ్లతో కలిసి నాలుగేళ్లుగా దీవికి వెళ్తున్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆలస్యంగా పెట్టిన గూళ్లలో పిల్లలు మే నెలలో కూడా పొదుగుతాయి. అవి రాత్రిపూట ఇసుకలోంచి వచ్చి వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం వైపు ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది, అదే వాటికి దారి.

గాలం వేసేవాళ్లు రాత్రి ఒడ్డున మంట వేసుకుంటారు, తలకి టార్చి కట్టుకుని తిరుగుతారు. గత ఏడాది ఒక మంట చుట్టూ తిరిగి తిరిగి ఎండిపోయిన పిల్లల్ని ఏరాను. ఒక్కోటి నా బొటనవేలంత ఉంది. ఇంకోసారి తెల్ల మడ వేళ్లకి చుట్టుకున్న నైలాన్ దారంలో కొంగ కాలు చిక్కుకుని ఉంది. కత్తెరతో తీశాం గానీ కాలు అప్పటికే నల్లబడింది.

శనివారం వెళ్లినవాళ్లు ఒడ్డున దిగారా? దిగితే ఎక్కడ?

వైజాగ్_కాస్టర్ | 10:52

పండుగప్పకి ముల్లు లేని గాలం వేస్తే జారిపోదా? ఎగిరి తల విదిలిస్తుంది కదా.

గోదారి_గాలం | 11:20

ఏటిమొగ గారూ, దవడ సంగతి నిజమే. ఇకనుంచి అడ్డంగానే పట్టుకుంటాను. కానీ పెద్ద ప్రశ్న నుంచి మీరు పక్కకి జరుగుతున్నారు. గోదావరి మొగల్లో చేప తగ్గిందంటే గాలం వేసే నలభై మంది వల్లనా? ఒకప్పుడు దోమతెర లాంటి వలలతో టైగర్ రొయ్య పిల్లల్ని ఏరి, వాటితో పాటు పడ్డ మిగతా చేపపిల్లల్ని గట్టు మీద పారేసిన రోజులు మీకు తెలియవా? మడ నరికి చెరువులు తవ్వింది ఎవరు? చెరువుల నీళ్లు కాలవల్లోకి వదిలేది ఎవరు? అక్కడ అడగరు. రాడ్ పట్టుకున్నవాడు కనబడితే చాలు, ప్రకృతి గుర్తొస్తుంది.

నేను కోనసీమవాణ్ణి. పదేళ్లకే మా నాన్న నాకు కాలవ గట్టు మీద వెదురు కర్రతో గాలం నేర్పాడు. వానపాము గుచ్చడం దగ్గర్నుంచి అన్నీ. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. వారమంతా ఏసీ గదిలో కూర్చుని నెలకోసారి వస్తాను. ఆ నాలుగు గంటలే నాకు ఊరు. దాన్నీ నేరం అంటే ఎలా?

రేవు_బాబాయ్ | 11:34

కాలవలో వెదురు కర్ర వేరు బాబూ. నువ్వు నలభై గుర్రాల ఇంజను ఎక్కావు.

ఏటిమొగ_కుర్రోడు | 11:50

రొయ్య పిల్లలు ఏరినవాళ్లు, మడ నరికినవాళ్లు అంటూ ఎవరెవరో చేసిన తప్పులు లెక్కపెడుతున్నారు. అడిగింది మీ గురించి. ఇంజను పడవలో, నిషేధం కాలంలో, చేపల కోసం వెళ్లారా లేదా?

గోదారి_గాలం | 12:08

వెళ్లాను. కానీ నిషేధం ఉన్నది చేపల వేట మీద. అమ్ముకోవడానికి పట్టేది వేట. నేను అమ్మలేదు.

ఏటిమొగ_కుర్రోడు | 12:10

రెండు పారలు ఇంటికి తెచ్చుకున్నామని మీరే రాశారు.

గోదారి_గాలం | 12:31

రెండు పారలు! రెండూ కలిపి మూడు కిలోలు ఉండవు. దాని మీద ఇంత రాద్ధాంతమా? ఈ 61 రోజులకి మీకు ప్రభుత్వం డబ్బులిస్తుంది. పది వేలు ఉండేది 2025లో ఇరవై వేలు చేశారు. ఆగినందుకు మీకు పరిహారం అందుతోంది. నాకు ఎవరూ ఇవ్వట్లేదు, నేను ఎవరినీ అడగట్లేదు. పైగా ఆ రోజు పడవకి 6,000 ఇచ్చాను. ఖాళీగా ఉన్న పడవకి పని దొరికింది. దాని వల్ల ఎవరికి నష్టం?

తాళ్లరేవు_97 | 12:36

డబ్బుల మాట ఎత్తకుండా ఉండాల్సింది అన్నా.

ఏటిమొగ_కుర్రోడు | 1:15

ఇరవై వేలు. సరే, లెక్క చెప్తాను. రెండు నెలలకి, ఒక కుటుంబానికి. రోజుకి మూడు వందల ముప్ఫై కూడా పడదు. అందులోంచి ఇంజను విప్పించాలి, పడవ అడుగు గీకించి రంగు వేయాలి, తెగిన వల బాగుచేయాలి, జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాలి. ఈ నిషేధం ముందు 47 రోజులే ఉండేది, 2015లో 61 చేశారు. మా నాన్న ఒక్క మాట అనలేదు. చేప పెరిగితే మనకేగా అన్నాడు. ఏప్రిల్ 14 రాత్రి పడవ కడితే మళ్లీ జూన్ 15కే విప్పుతాడు. రోజూ పొద్దున అలవాటుగా మూడింటికే లేస్తాడు, రేవు దాకా నడిచి వెళ్లి పడవని చూసి తిరిగొస్తాడు. అదీ ఆయన వేసవి.

1996 నవంబరు తుఫానుకి మా పెదనాన్న వేటకి వెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అలాంటి సముద్రంలోకి మళ్లీ వెళ్లే మనిషి మా నాన్న. ఆయన్ని ఆగమంటే ఆగాడు. నువ్వు ఆగలేవు, ఎందుకంటే నీది సరదా.

ఇప్పుడు నీ మొదటి ఫోటో ఇంకోసారి చూడు. పడవ ముక్కు దగ్గర ఐస్ బాక్స్ మూత పట్టుకుని కూర్చున్న కుర్రాడున్నాడే, ఇంట్లో గదుల్లా నీళ్లు తెలిసినవాడు, వాడు మా తమ్ముడు. ఆ నీలం పడవ మా నాన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విప్పుకెళ్లాడు. నేను నీ ఫోటో చూశాకే మాకు తెలిసింది.

గోదారి_గాలం | 1:22

నాకు తెలియదు.

ఏటిమొగ_కుర్రోడు | 1:40

తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. మెరైన్ పోలీసులో ఫిషరీస్ వాళ్లో ఎదురైతే నీ రాడ్ పట్టుకెళ్లరు. సీజ్ చేసేది పడవని, జరిమానా వేసేది ఓనరుకి. డీజిల్ సబ్సిడీ పోయేది మాకు, ఆ ఇరవై వేలు ఆగేది మాకు. నువ్వు ఆరు వేలు ఇచ్చి కొనుక్కున్నది పడవ కిరాయి కాదు. ఆ భయం మొత్తం మా తమ్ముడి నెత్తిన పెట్టి నువ్వు తేలిగ్గా కూర్చున్నావు.

నిన్న రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. నాన్న వాడి మీద చెయ్యి చేసుకోలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు.

రేవు_బాబాయ్ | 1:44

నాన్నకి నా మాటగా చెప్పు. కుర్రాణ్ణి కసరొద్దని.

మడచెట్టు | 2:05

ఏటిమొగ గారూ, చదివి చాలా బాధేసింది. అయినా నా ప్రశ్న వదలను. ఒడ్డున దిగారా అని పొద్దున పదిన్నరకి అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు. పడవలు, డబ్బులు, నిషేధాల గొడవ మనుషుల మధ్యది. దీవి మీద హేచరీలో అటవీ శాఖవాళ్లు పొదిగించే గుడ్లు కాకుండా, ఎవరి కంటా పడని గూళ్లు ఇంకా ఉంటాయి. వాటి తరఫున అడిగేవాళ్లు ఎవరూ లేరు.

గోదారి_గాలం | 2:50

మడచెట్టు గారూ, దిగాం. పడమటి వైపు, ఇసుక మీద గంటసేపు కూర్చున్నాం, టిఫిన్ తిన్నాం. అప్పటికి తెల్లారిపోయింది, మంట వేయలేదు, టార్చి వాడలేదు. ఒక దారం ముక్క తెగి నీళ్లలో పోయింది. పది బారలు ఉండొచ్చు. దాని గురించి అప్పుడు ఆలోచించలేదు.

ఏటిమొగ గారూ, మీకు ఏం రాయాలో తెలియక ఇంతసేపు ఆగాను. కుర్రాడు ఫోన్‌లో ఇబ్బందేం లేదన్నా అంటే నమ్మేశాను. నిషేధం కాలంలో పడవ దొరికిందంటేనే ఎవరో ఒకరు రిస్కు తీసుకుంటున్నారని నాకు తట్టాలి. తట్టలేదు. ఆ రెండు పారల మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. పరిహారం గురించి అన్నది అసలు అనకూడని మాట.

కానీ ఒక్క విషయం ఒప్పుకోలేను, కోపగించకండి. మీరు 'నీది సరదా' అన్నారు. అంటే కడుపు కోసం పట్టేవాడికే సముద్రం మీద హక్కు, మిగతావాళ్లు ఒడ్డున నిలబడి చూడాలి, అంతేనా? నిషేధం లేని రోజుల్లో కూడా మమ్మల్ని రేవులో పరాయివాళ్లలాగే చూస్తారు. నేనూ ఈ గోదారి నీళ్లు తాగి పెరిగినవాణ్ణే.

యానాం_తీరం | 3:02

ఇదే అసలు గొడవ. పొద్దున్నించీ చేప నీడ కొలిచారు.

ఏటిమొగ_కుర్రోడు | 3:48

అవును, అదే.

సముద్రం మాదేనని రాసిచ్చిన కాగితం మా దగ్గర లేదు. మా తాతల నుంచీ ఆ దీవి మాకు అడ్డుగోడ. దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ, గోదావరి తెచ్చిపోసింది. ఉప్పెన అలలు ముందు దాని మీద విరిగి, తర్వాతే కాకినాడ వైపు వస్తాయి. తుఫాను వార్త వినగానే మాకు ముందు గుర్తొచ్చేది అదే. మీకు ఎండాకాలం వస్తే గుర్తొస్తుంది. మీరు వచ్చి చూడటం తప్పని నేను అనను. గాలం వేయడం కూడా తప్పనను. జూన్ 15 తర్వాత మీరు వేస్తే నాకు అభ్యంతరం లేదు.

నాకు మండేది ఒకటే. ఈ 61 రోజులు మేం పనివాళ్లం కాదు, కూలికి దొరికేవాళ్లం. పడవ నడిపే సరంగు కొడుకు ఐస్ బాక్స్ మోసే కుర్రాడైపోయాడు. మీరు 'నువ్వు బాగా తెలిసినవాడివి' అని మెచ్చుకుంటే వాడు పొంగిపోయి ఉంటాడు, నాకు తెలుసు. ఆ మెప్పు కోసం వాడు నాన్న మాట దాటాడు. డబ్బు కోసం కూడా కాదు. ఆరు వేలల్లో డీజిల్ పోను మిగిలింది తెచ్చి బీరువాలో బట్టల కింద పెట్టాడు, ఒక్క రూపాయి ముట్టుకోలేదు.

వైజాగ్_కాస్టర్ | 4:10

పొద్దున్నించీ లూర్ గురించే అడుగుతున్నాను, క్షమించండి. నేను కూడా ఏప్రిల్‌లో ఇలాగే ఒక పడవ మాట్లాడుకుని వెళ్లాను, వేరే ఊళ్లో. అతను ఎవరి కొడుకో నేనూ అడగలేదు.

మడచెట్టు | 4:25

గోదారి_గాలం గారూ, నిజం చెప్పినందుకు థాంక్స్. ఆ దారం ఎక్కడ తెగిందో గుర్తుంటే చెప్పండి. వచ్చే బుధవారం మేం నాటు పడవలో వెళ్తున్నాం. పాటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు మడ వేళ్ల దగ్గర చూస్తాం. అల్లిక దారం అయితే ఏళ్ల తరబడి కుళ్లదు.

గోదారి_గాలం | 4:40

దీవి ఉత్తరపు కొస దాటాక లోపలి వైపు, రెండు ఎండిన మడ మోడులున్న చోట. పసుపు రంగు అల్లిక దారం. కనబడితే చెప్పండి.

ఏటిమొగ గారూ, ఆ ఫోటోలు తీసేశాను. గ్రూపులోనూ తీసేశాను, తమ్ముడి ముఖం ఎక్కడా ఉండకూడదని. నిషేధం అయ్యేదాకా ఇంజను పడవ ఎక్కను. ఒడ్డు మీంచి, కాలవ గట్టు మీంచి వేయడం మాత్రం మానను, దానికి మీరు ఏమన్నా సరే. మీ తమ్ముడి నంబరు ఉంది, కానీ మీరు వద్దంటే చేయను. ఒకసారి మాట్లాడాలని ఉంది.

ఏటిమొగ_కుర్రోడు | 5:30

వద్దు. వాడికి ఎవరూ ఫోన్ చేయొద్దు. ఇప్పుడు అరుగు మీద నాన్న పక్కన కూర్చుని వల అల్లుతున్నాడు, పొద్దున్నించీ ఇద్దరూ మాట్లాడుకోలేదు గానీ దారం కండె ఒకరికొకరు అందించుకుంటున్నారు. కన్ను పెద్దది వేస్తున్నాడు ఈసారి, చిన్న చేప జారిపోయేలా.

గట్టు మీంచి వేసుకోండి, దానికి నేనెవర్ని.

పడవ కావాలంటే నిషేధం అయ్యాక రేవుకి రండి. బేరం నాన్నతో. నడిపేది ఎవరో ఆయనే చెప్తాడు.